ఘాటు కఫమును కరిగించునా? - ఒక నమ్మకముపై విమర్శ

రొంప పట్టి రొమ్ము బరువెక్కినప్పుడు మన ఇళ్ళలో మొదట తెరుచుకొనేది పోపులపెట్టె. మిరియాల చారు, శొంఠి కషాయము, మిరియాల పొడి కలిపిన వేడి పాలు, తేనెలో రంగరించిన పిప్పలి చూర్ణము, వామాకు రసము, బుగ్గన పెట్టుకొనే దుంపరాష్ట్రము, వీపుకు వాము కాపడము - ఈ వరుసకు అంతు లేదు. శొంఠి లేని కషాయము లేదని సామెత కూడా ఉన్నది. ఇవి ఒకే జాతి మొక్కలు కావు. ఒకటి దుంప, ఒకటి కాయ, మరొకటి ఆకు. వీటన్నిటినీ ఒక్క తాటిపైకి తెచ్చిన గుణము ఘాటు.

ఇవి ఎందుకు పనిచేస్తాయని అడిగితే వచ్చే జవాబు కూడా దాదాపు ఒక్కటే: ఘాటు ఛాతీలోని కఫమును కరిగిస్తుంది. ఈ మాట పెద్దల నోట వింటాము. ఆరోగ్య పాఠము చెప్పే తరగతిలోనూ వింటాము. దీనిని గురించి రెండు తీర్పులు వాడుకలో ఉన్నవి. మన పెద్దలు చెప్పినదంతా శాస్త్రమేనని ఒకరు, ఇదంతా మూఢనమ్మకమని మరొకరు. ఇద్దరూ సాక్ష్యము వినకముందే తీర్పు చెప్పిన న్యాయాధిపతుల వంటివారు. నిజానికి విచారించవలసినది మొక్కలను కాదు, ఆ వాక్యాన్ని. అందులో నాలుగు మాటలున్నవి: ఘాటు, ఛాతీ, కఫము, కరుగుట. ఒక్కొక్కదానిని విడదీసి చూద్దాము.

వాక్యము వెనుకనున్న తర్కము

ముందుగా ఈ వాక్యము ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలి. ఆయుర్వేదము రుచులను ఆరుగా విభజించింది. వాటిలో కటువు, అనగా కారము, ఒకటి. శొంఠి, పిప్పలి, మిరియము అనే మూడింటినీ కలిపి త్రికటుకమన్నారు. శరీరములోని మూడు దోషాలలో కఫము చల్లనిది, బరువైనది, జిగట గలది. కటురసము వేడిది, తేలికైనది, ఎండబెట్టేది. ఒక గుణాన్ని దాని వ్యతిరేక గుణముతో అణచాలన్నది సూత్రము. కనుక కఫానికి కారము మందు అయినది.

ఇది తర్కము లేని మాట కాదు. ఎన్నో తరాల వారు చూచిన అనుభవాలను ఒక పద్ధతిలో అమర్చి పెట్టుకొన్న వర్గీకరణ ఇది. అయితే ఇక్కడ రెండు సంగతులు మరువరాదు. మొదటిది: ఆయుర్వేదములో కఫమంటే దగ్గితే పడే కళ్ళె ఒక్కటే కాదు, అది శరీరమంతటికీ సంబంధించిన ఒక భావన. తెలంగాణములో తెమడ అనీ, కోస్తాలో కళ్ళె అనీ అనే పదార్థానికి ఆ భావనను యథాతథముగా అంటగట్టి, పైన 'కరుగుట' అనే మాట చేర్చినది మన వాడుక. రెండవది: ఈనాడు కారమంటే మనకు గుర్తుకు వచ్చే మిరపకాయ ఆ పాత గ్రంథాలలో లేదు. అది అమెరికా ఖండపు మొక్క; పోర్చుగీసువారి రాకతో 16వ శతాబ్దములో మన దేశానికి చేరింది. అంతకు ముందు మన వంటలో కారమంటే ముఖ్యముగా మిరియమే. అనగా మిరపకాయను గురించి మనము చెప్పుకొనే వైద్యము, మిరియము పేర ఉన్న కీర్తిని అప్పు తెచ్చుకొన్నదే.

ఘాటు అంటే ఏమి?

విద్యుత్ ప్రవాహము అయస్కాంత సూచిని కదిలిస్తుందని 1820లో కనుగొన్న డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఏర్‌స్టెడ్ పేరు భౌతిక శాస్త్రము చదివే విద్యార్థులకు తెలిసినదే. ఆయనే 1819లో మిరియాల నుంచి పైపరిన్ అనే పదార్థాన్ని వేరుచేశాడు. మిరియాల ఘాటుకు మూలము అదే. మిరపకాయ కారానికి కారణమైన పదార్థాన్ని 1876లో థ్రెష్ అనే ఆంగ్ల రసాయనజ్ఞుడు స్ఫటిక రూపములో వేరుచేసి క్యాప్సైసిన్ అని పేరు పెట్టాడు. పచ్చి అల్లములో జింజెరాల్ ఉంటుంది. అల్లము ఎండి శొంఠి అయ్యేటప్పుడు అందులో కొంత భాగము నీటి అణువును పోగొట్టుకొని షోగోల్‌గా మారుతుంది. ఇది జింజెరాల్ కంటె ఘాటైనది.

ఈ పదార్థాలు నోటిలో ఏమి చేస్తాయో తెలియడానికి చాలా కాలము పట్టింది. 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందము నాడుల కొనలపై ఉండే ఒక గ్రాహకాన్ని గుర్తించింది. ఇది సుమారు 43 సెంటీగ్రేడు డిగ్రీలకు మించిన వేడి తగిలినప్పుడు మేలుకొని, కాలుతున్నదని మెదడుకు కబురు పంపే ప్రోటీను. క్యాప్సైసిన్ కూడా సరిగా దీనినే తట్టి లేపుతుంది. పైపరిన్‌కూ, అల్లపు ఘాటుకూ ద్వారము ఇదే. పుదీనా పువ్వు, అనగా మెంథాల్, చల్లదనాన్ని తెలిపే మరొక గ్రాహకాన్ని తట్టుతుంది. దానిని 2002లో గుర్తించారు. ఈ పరిశోధనలకే జూలియస్‌కూ, ఆర్డెమ్ పటపౌటియన్‌కూ 2021లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమానము లభించింది.

కనుక ఘాటు అన్నది వేడి కాదు. వేడి తగిలినదనే కబురు. చల్లారిన మిరియాల చారులో ఉష్ణమాపకము ఉంచి చూడండి. పక్కన పెట్టిన చల్లని నీటికంటె ఒక్క డిగ్రీ కూడా ఎక్కువ చూపదు. నాలుక మాత్రము మండుతున్నదనే అంటుంది. నిప్పు లేకుండా మోగిన అగ్నిప్రమాదపు గంట వంటిది ఘాటు. గంట మోగడము నిజము, జనము పరుగెత్తడము నిజము. గది మాత్రము వేడెక్కలేదు. వేడితో నెయ్యి కరిగినట్లు ఘాటుతో కఫము కరుగుతుందన్న పోలిక ఇక్కడే వీగిపోతున్నది.

ఆవాల సంగతి ఇంకా విచిత్రము. పొడి ఆవగింజకు ఘాటు లేదు. గింజలో సినిగ్రిన్ అనే పదార్థము ఒకచోట, దానిని విడగొట్టే ఎంజైము మరొకచోట ఉంటవి. నూరి నీరు పోసినప్పుడు రెండూ కలిసి ఘాటైన నూనె పుడుతుంది. అందుకే ఆవపెట్టిన పనసపొట్టు కూరకు ఆవను చల్లని నీటితో నూరి, పొయ్యి మీదనుంచి దింపిన తరువాత కలుపుతారు. మరిగే నీరు పోస్తే ఎంజైము చెడిపోయి చేదు మిగులుతుంది. ఐరోపాలో పూర్వము రొమ్ముపై వేసిన ఆవపిండి పట్టు ఈ నూనెతోనే పనిచేసేది. చర్మము ఎర్రబడి వెచ్చగా అనిపించేది. ఎక్కువసేపు ఉంచితే బొబ్బలెక్కేది. ఆ వెచ్చదనము చర్మానిది, ఊపిరితిత్తులది కాదు.

మింగినది ఛాతీకి పోతుందా?

ఇక రెండవ మాట. మనము త్రాగిన కషాయము అన్నవాహిక గుండా జీర్ణాశయానికి పోతుంది. శ్వాసనాళములోకి ఒక్క చుక్క పోయినా ఉక్కిరిబిక్కిరి అవుతాము. కనుక మిరియము ఛాతీలోని శ్లేష్మాన్ని నేరుగా తాకే మార్గము లేదు. మరి కారము తినగానే తేలికపడినట్లు ఎందుకుంటుంది?

కారము తిన్నప్పుడు నోటిలోనూ ముక్కులోనూ వ్యాపించిన నాడులు మేలుకొంటవి. వెంటనే ముక్కు నీరు కారుతుంది, కళ్ళు చెమరుస్తవి. ఇట్లా తిండివలన కారే ముక్కునీటిని 1989లో పరిశోధకులు పరిశీలించి, నాడుల ప్రేరణను అణచే అట్రోపిన్ అనే మందును ముక్కులో వేస్తే అది ఆగిపోతున్నదని చూపారు. అనగా ముక్కు నుంచి కారేది కరిగిన పాత కఫము కాదు. నాడుల ఆజ్ఞపై గ్రంథులు కొత్తగా స్రవించిన పలుచని ద్రవము. అది గడ్డకట్టిన చీమిడిని కొంత కడుగుతుంది కనుక హాయి కలుగుతుంది. ఆ హాయి ముక్కుది. మనము దానిని ఛాతీ ఖాతాలో వేస్తున్నాము.

ఒక న్యాయము ఇక్కడ చెప్పక తప్పదు. జీర్ణాశయములో కలిగే చికాకు వేగస్ నాడి ద్వారా శ్వాసనాళాల గ్రంథులను ప్రేరేపించి, పలుచని స్రావాన్ని పెంచగలదని వైద్యులు చాలా కాలముగా ఊహిస్తున్నారు. కొన్ని దగ్గు మందుల పనిని ఈ విధముగానే వివరించారు. ఘాటు మొక్కలూ ఈ దారిన కొంత పనిచేయవచ్చును. కాని ఒక గిన్నెడు చారులోని మిరియానికి ఆ శక్తి ఉన్నదని మనుషులపై జరిగిన నమ్మదగిన పరీక్ష ఏదీ నిరూపించలేదు. ఊహకు ఊహ విలువ ఇవ్వవచ్చును. నిరూపణ విలువ ఇవ్వరాదు.

కఫము మైనము కాదు

శ్వాసమార్గపు లోపలి పొరలో శ్లేష్మాన్ని తయారుచేసే కణాలు, వాటి పక్కనే సన్నని వెంట్రుకల వంటి శైలికలు ఉంటవి. శ్లేష్మములో నూటికి 95 పాళ్ళు నీరే. మిగిలిన కొద్దిభాగములోని మ్యూసిన్ అనే పొడుగాటి అణువులు వలవలె అల్లుకొని దానికి జిగట నిస్తవి. దుమ్మూ, సూక్ష్మజీవులూ ఈ జిగటలో చిక్కుకొంటవి. శైలికలు సెకనుకు పదిసార్లకు పైగా కొట్టుకొంటూ ఆ పొరను గొంతు వైపుకు నెట్టుతవి. కనుక శ్లేష్మము శత్రువు కాదు, ఇంటిని ఊడ్చే చీపురు. జబ్బు చేసినప్పుడు అది ఎక్కువై, చిక్కనై, కదలక నిలిచిపోవడమే బాధ.

ఈ పదార్థము శరీరములో ఎప్పుడూ 37 డిగ్రీల వెచ్చదనములోనే ఉన్నది. మైనమువలె కరిగే గుణము దానికి లేదు. దానిని పలుచన చేయాలంటే మ్యూసిన్ వలలోని ముడులు తెంచాలి, లేదా నీటి భాగము పెంచాలి. ఆసుపత్రులలో వాడే అసిటైల్ సిస్టీన్ మొదటి పని చేస్తుంది. అందులో ఘాటు లేదు. మన పల్లెల్లో కంచెలకు పెరిగే అడ్డసరము మరొక ఉదాహరణ. దగ్గుకు వాడే ఈ మొక్కలోని వాసిసిన్ ఆధారముగానే బ్రోమ్‌హెక్సిన్ అనే మందును తయారుచేశారు. అడ్డసరపు ఆకు ఘాటు కాదు, చేదు. ఛాతీ మందులలో ఆధునిక వైద్యానికి దారి చూపిన మన మొక్క కారము వర్గములోనిది కాకపోవడము, ఘాటే కఫానికి మందన్న సూత్రానికి గట్టి ఎదురు సాక్ష్యము.

అనుభూతి, కొలత

'నాకు తగ్గింది' అన్న సాక్ష్యాన్ని ఎట్లా తూచాలి? జలుబు మందు వేస్తే వారానికి, వేయకుంటే ఏడు రోజులకు తగ్గుతుందని మనవారే హాస్యమాడుతారు. తనంత తాను తగ్గే జబ్బులో చివరగా త్రాగిన కషాయానికే పేరు వస్తుంది. కనుక కొలత కావాలి.

బ్రిటనులోని కార్డిఫ్‌లో రొనాల్డ్ ఎకల్స్ ఈ విషయమై విలువైన పరీక్షలు చేశాడు. 1983లో ప్రచురించిన పరిశోధనలో మెంథాల్ పీల్చినవారు ముక్కు తెరుచుకొన్నదని చెప్పారు; పరికరముతో కొలిస్తే గాలికి అడ్డు ఏమీ తగ్గలేదు. 2008లో 30 మంది జలుబు రోగులకు పండ్లరసపు పానీయాన్ని ఇచ్చి చూశారు. వేడిగా త్రాగినప్పుడు ముక్కు కారడము, దగ్గు, తుమ్ములు, గొంతు నొప్పి, చలి, అలసట వెంటనే తగ్గినట్లు రోగులు చెప్పారు. ముక్కులో గాలి ప్రవాహము మాత్రము మారలేదు. అదే పానీయము గది ఉష్ణోగ్రతలో ఇస్తే కొన్ని బాధలకే ఉపశమనము కనబడింది. ఈ పానీయములో మిరియమూ లేదు, శొంఠీ లేదు. మన చారు ఇచ్చే హాయిలో వేడి నీటి వాటా ఎంతో ఘాటును పొగిడే ముందు ఆలోచించవలసి ఉన్నది.

1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావుగారు అమృతాంజనము తయారీ ప్రారంభించిన నాటినుంచి ఘాటైన లేపనాల వాసన తెలుగువారికి పరిచితమే. రొమ్ముపై రాసే కర్పూరము, మెంథాల్, యూకలిప్టస్ తైలము గల లేపనాన్ని 2010లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో 2 నుంచి 11 సంవత్సరాల వయస్సు గల 138 మంది పిల్లలపై పరీక్షించారు. ఆ రాత్రి లేపనము రాసిన పిల్లలు మిగిలినవారికంటె బాగా నిద్రించినట్లు తల్లిదండ్రులు చెప్పారు. చర్మము మండిన పిల్లలూ వారిలోనే ఎక్కువ. అయితే వాసననుబట్టి తమ బిడ్డకు ఏది రాశారో తల్లిదండ్రులు గుర్తుపట్టగలరు. ఘాటు మందులను పరీక్షించడములోని చిక్కు ఇదే: ఘాటును దాచడానికి వీలులేదు.

దీనినిబట్టి హాయి అబద్ధమని అనరాదు. దగ్గుతో నిద్రలేని బిడ్డకు ఒక రాత్రి నిద్ర పట్టడము చిన్న మేలు కాదు. కాని అది బాధకు ఉపశమనము; జబ్బుకు చికిత్స కాదు. ఈ రెండింటి మధ్య గీతను చెరిపివేయడమే మన వాక్యము చేసిన తప్పు.

ఆ వాక్యము మరొక నష్టము కూడా చేస్తున్నది. మొక్కలోని అసలు విశేషాన్ని మరుగుపరుస్తున్నది. పాత యోగాలలో త్రికటుకము తరచుగా ఇతర మందులకు తోడుగా ఉంటుంది. జమ్మూలోని ప్రాంతీయ పరిశోధన ప్రయోగశాలలో అటల్ మొదలైనవారు ఈ తోడు ఎందుకని ప్రశ్నించి, పైపరిన్ కొన్ని మందులను శరీరము త్వరగా నాశనము చేయకుండా అడ్డుకొంటుందని కనుగొన్నారు. ఆ పరిశోధనల ఫలితముగా 2009లో పైపరిన్ చేర్చిన ఒక క్షయ మందు మన దేశములో విడుదలైంది. మామూలుగా 450 మిల్లీగ్రాములు ఇచ్చే రిఫాంపిసిన్‌కు బదులు అందులో 200 మిల్లీగ్రాములు ఉంచారు. ఛాతీ జబ్బుకు మిరియము చేసిన సేవ ఇది. దీనికి కఫము కరగడముతో పని లేదు. ఇదే గుణము వలన ఇతర మందులు వాడేవారు పైపరిన్ మాత్రలను డాక్టరును అడగకుండా మింగరాదు.

ఆలస్యమే అపాయము

ఒక వాక్యము సరియైనదా కాదా అన్నదానిపై ఇంత విచారణ ఎందుకు? పసిపిల్లల ప్రాణము దానిపై ఆధారపడుతుంది కనుక. జలుబు ముక్కులోనూ గొంతులోనూ ఉంటుంది. న్యుమోనియా ఊపిరితిత్తుల చివరనున్న వాయుగోణులలో ఉంటుంది. అవి చీముతోనూ ద్రవముతోనూ నిండుతవి. మొదటి రోజున రెండూ దగ్గుగానే కనబడుతవి. కఫము కరుగుతుందనే నమ్మకముతో మూడు రోజులు వామాకు రసము పోస్తూ కూర్చుంటే, పోయేది ఆ మూడు రోజులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2019లో ఐదేళ్ళలోపు పిల్లలు 7,40,180 మంది న్యుమోనియాతో మరణించారు. ఆ వయస్సు పిల్లల మరణాలలో ఇది 14 శాతము. బాక్టీరియావలన వచ్చే న్యుమోనియాను సకాలములో ఇచ్చే ఆంటీబయాటిక్ మందు నయము చేయగలదు.

ఆ సంస్థయే ఇచ్చిన ఒక సులభమైన పరీక్ష ప్రతి ఇంటికీ తెలియాలి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు గడియారము చూచి నిండు నిమిషము శ్వాసలు లెక్కించాలి. రెండు నెలలలోపు బిడ్డకు 60, రెండు నుంచి పన్నెండు నెలలలోపు 50, ఒకటి నుంచి ఐదేళ్ళలోపు 40 శ్వాసలు గాని అంతకుమించి గాని ఉంటే అది వేగమైన శ్వాస. డొక్కలు ఎగరేస్తున్నా, పక్కటెముకల కింది భాగము లోనికి గుంజుకొంటున్నా, పాలు త్రాగకున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. దీనికి గడియారము ఒక్కటే చాలు.

ఘాటు మందులకు తమ సొంత అపాయాలూ ఉన్నవి. కర్పూరము కడుపులోకి పోతే పిల్లలకు మూర్ఛ రావచ్చును. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించరాదు. అందులోని బాక్టీరియా బీజాలు బొట్యులిజమ్ అనే పక్షవాతము వంటి జబ్బు కలిగించగలవు. ఆవిరి పట్టేటప్పుడు మరిగే నీరు ఒలికి పిల్లలు కాలుతున్నారు. ఇక మిరపకాయ పొగ సంగతి: దగ్గును కొలిచే పరిశోధనలలో దగ్గు తెప్పించడానికి పీల్పించేది క్యాప్సైసిన్‌నే. పోపు మాడితే ఇల్లంతా దగ్గడము ఈ పరీక్షకు ఇంటి రూపము. ఉబ్బసము గలవారి దగ్గర ఇట్టి పొగ వేయరాదు.

తరగతిలో ఎట్లా చెప్పాలి?

ఈ విషయము విజ్ఞాన శాస్త్రపు ఉపాధ్యాయులకు మంచి పాఠము. రసాయన శాస్త్రము, నాడీ వ్యవస్థ, శ్వాసక్రియ, సాక్ష్యాన్ని తూచే పద్ధతి - నాలుగూ ఒకేచోట దొరుకుతవి. రెండు గిన్నెలలో ఆవపిండి తీసుకొని, ఒకదానిలో చల్లని నీరు, రెండవదానిలో ఉపాధ్యాయుడే మరిగే నీరు పోసి, పది నిమిషాలు ఆగి దూరమునుంచి వాసన చూపించవచ్చును. చల్లారిన మిరియాల నీటిలో ఉష్ణమాపకము ఉంచి, నాలుక చెప్పినదానితో పోల్చమనవచ్చును. ఒకరి శ్వాసలు ఒకరు నిమిషముపాటు లెక్కించి, ఇంటికి పోయి ఆ పద్ధతిని తల్లికి నేర్పమనవచ్చును. మూడవ అభ్యాసము మొదటి రెండింటికంటె విలువైనది.

ఇంటిలో త్రాగే కషాయాన్ని విద్యార్థి ఎదుట ఎగతాళి చేయవద్దు. ఎగతాళి చేస్తే ఆ పిల్లవాడు పాఠాన్నో, అమ్మమ్మనో వదులుకోవలసి వస్తుంది, రెండూ నష్టమే. ఆ వాక్యాన్ని మాత్రము ఇట్లా దిద్ది చెప్పండి: ఘాటైన మొక్కలు నాడులను తట్టి, ముక్కునూ గొంతునూ కొంతసేపు తేలికపరుస్తవి, ఛాతీలోని జబ్బును అవి నయము చేస్తవని రుజువు లేదు. పాత వాక్యముకంటె ఇది పొడుగైనది, అంత ఆకర్షణ గలది కూడా కాదు. కాని దీనిని నమ్మిన తల్లి మిరియాల చారు కాస్తూనే బిడ్డ శ్వాసలను లెక్కపెడుతుంది.